ముందుచూపు ముద్దు, పక్కచూపు వద్దు

వరహాలరావు చేసిన పాపమల్లా ప్రాస కుదర్చడమే.

సింగవరం పట్టణ రహదారి భద్రతా సంస్థలో అతను ప్రచార విభాగం చూసేవాడు. విభాగమంటే ఓ బల్లా, ఓ కుర్చీ, కిటికీలో ఓ కాకీ. ‘హెల్మెట్ పెట్టు – ప్రాణం పట్టు’ అన్నది అతనిదే. ‘తాగి నడపకు – తాళి తెంపకు’ అన్నదీ అతనిదే. ఊళ్లో గోడలన్నిటి మీదా అతని సాహిత్యం ఉండేది. దాని పక్కనే మొలల మందు ప్రకటన ఉండేది. జనం రెండోది చదివేవారు.

అలాంటివాడి జాతకం చెరకు రసం బండి వల్ల మారిపోయింది.

సంస్థ డైరెక్టరు కోదండపాణి గారు ఓ సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి వెళుతుంటే, ఆయన డ్రైవరు నూకరాజు చీరల కొట్టు ముందు నిలబెట్టిన బొమ్మకేసి చూశాడట. ఆ చూపులో కారు వెళ్లి చెరకు రసం బండికి తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, డైరెక్టరు గారి పట్టు లాల్చీ మీద రెండు గ్లాసుల రసం పడింది. అల్లం కూడా వేసిన రసం.

మర్నాడు పొద్దున్నే అత్యవసర సమావేశం.

“ఈ పట్టణమందు సంభవించుచున్న సమస్త ప్రమాదములకును మూలకారణము నాకు నిన్న సాయంత్రము సాక్షాత్కరించినది,” అన్నారు డైరెక్టరు గారు. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతారో తెలీదు, ఆఫీసులో మాత్రం ఎప్పుడూ ఇలాగే మాట్లాడతారు. “అది అతివేగము కాదు, మద్యము కాదు. పక్కచూపులు!”

నిజమే మరి. పక్కచూపులంటే మన భాషలో మొదట్నుంచీ మంచి పేరు లేదు. పక్కచూపులు చూసే మొగుణ్ణి పెళ్లాం నమ్మదు. పక్కచూపులు చూసే సాక్షిని జడ్జీ నమ్మడు. అదే ముందుచూపు ఉన్నవాడంటే పిలిచి పిల్లనిస్తారు. అందరూ తలలూపారు. ఆ ఊపులో వరహాలరావు నోరు ఊరుకోలేదు.

“ముందుచూపు ముద్దు – పక్కచూపు వద్దు, సార్,” అన్నాడు.

డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు కాబట్టి అందరూ లేచి నిలబడ్డారు.

“వరహాలరావ్! ఇది నినాదము కాదు. ఇది విధానము!”

వారం తిరిగేసరికి అది గోడ మీంచి దిగి ఉత్తర్వు అయి కూర్చుంది. ‘వాహనము నడుపు ప్రతి వ్యక్తియు తన దృష్టిని సూటిగా ముందుకు మాత్రమే సారించవలెను. కుడి ఎడమలకు మెడ త్రిప్పుట శిక్షార్హము.’ ఊళ్లో ప్రతి కూడలికీ కెమెరాలు వచ్చాయి. బండి వేగం వాటికి పట్టదు. బండి నంబరూ, లోపలున్న మనిషి ముక్కు ఎటు తిరిగిందీ, ఆ రెండే చూస్తాయి. ముక్కు పక్కకి తిరిగిందా, చిటుక్కున వెలిగి ఫొటో తీస్తాయి. జరిమానా ఇంటికే వస్తుంది.

వరహాలరావుకి శాలువా కప్పారు. ఇంటికి తెచ్చి భార్యకి చూపించాడు.

భార్య మంగతాయారు పెద్దాసుపత్రిలో ఎముకల వార్డు హెడ్ నర్సు. రోజూ పొద్దున్నే తన చిన్న కారేసుకుని, నాలుగు లాంతర్ల సెంటరు దాటి డ్యూటీకి వెళుతుంది. శాలువా అటూ ఇటూ తిప్పి చూసి, “బాగుంది. మరి నాలుగు రోడ్లు కలిసే చోట పక్కకి చూడకుండా ఎలా దాటాలండీ?” అంది.

“ముందుకి చూస్తూ దాటాలి.”

“పక్క రోడ్డు మీంచి లారీ వస్తే?”

“వాడూ ముందుకే చూస్తుంటాడు కదా తాయారూ. వాడి ముందుకి నువ్వొస్తే నిన్ను చూస్తాడు.”

ఆవిడ శాలువా మడతపెట్టి అతని చేతిలో పెట్టింది. మీ డైరెక్టరు గారికి కొబ్బరినూనె రాయించండి, మాడు చల్లబడుతుంది అని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మొదటి నెలలో ఫలితాలు అమోఘంగా వచ్చాయి. ముందుబండిని గుద్దేసే కేసులు సగానికి సగం తగ్గాయి. ముక్కులు పగలడం లేదు, పళ్లు ఊడటం లేదు. డైరెక్టరు గారు తనే ఓ కేకు తెప్పించి తనే కోశారు.

కాకపోతే ఎముకల వార్డులో మంచాలు చాలడం లేదు.

“చోద్యంగా ఉందండీ,” అంది మంగతాయారు ఓ రోజు చెప్పులు విప్పుతూ. “ఎవడికీ మొహం మీద గీతైనా లేదు. అందరికీ పక్కటెముకలే. పక్కటెముకలూ, తుంటీ, భుజమూ. ఒకాయనకి లోపల ప్లీహం చిట్లింది. ఎడంపక్క కూర్చున్నవాళ్లకి ఎడమవి, కుడిపక్క కూర్చున్నవాళ్లకి కుడివి. అన్నీ కూడళ్లలో తగిలినవే. ముందునుంచి గుద్దితే ఇంజనుంటుంది, బానెట్టుంటుంది, మనిషి దాకా రావడానికి టైమడుగుతుంది. పక్కనుంచి గుద్దితే ఏముందండీ అడ్డం? జానెడు తలుపు. తలుపు తర్వాత మనిషే.”

వరహాలరావు ఆ ఎముకల లెక్కంతా కాగితం మీద రాసుకున్నాడు. మర్నాడు డైరెక్టరు గారి గదిలోకి వెళ్లి, చేతులు కట్టుకుని, విషయం చెప్పాడు.

డైరెక్టరు గారు కళ్లు మూసుకుని విన్నారు. “ప్రమాదమననేమి?” అని అడిగారు.

వరహాలరావు కట్టుకున్న చేతులు విప్పి తల గోక్కున్నాడు.

“ప్రమాదమనగా వాహన చోదకుడు చేయునది. ముందున్నదానిని వెళ్లి కొట్టుట ప్రమాదము. పక్కనుండి ఎవడో వచ్చి కొట్టినచో, అది ఇతడు చేసినది కాదు, ఇతనికి జరిగినది. మన సంస్థ చేసినవాటికే గాని జరిగినవాటికి బాధ్యత వహించదు.”

“మరి దాన్నేమంటామండి?”

“పార్శ్వ స్పర్శ.”

ఆ రోజు నుంచి సింగవరంలో పక్క నుంచి గుద్దడం అన్నది మాయమైపోయింది. స్పర్శలు మాత్రం జరుగుతూ వచ్చాయి. “స్పర్శకి నాలుగు పక్కటెముకలు విరుగుతాయా?” అంది మంగతాయారు. దానికి వరహాలరావు దగ్గర ప్రాస లేదు.

నాలుగు లాంతర్ల సెంటర్లో సిగ్నల్ దీపం ఒకటుండేది. అది రోడ్డుకి ఎడంపక్క స్తంభానికి ఉండేది. దాన్ని చూడాలంటే మెడ కాస్త పక్కకి తిప్పాలి. తిప్పితే జరిమానా. ఎర్రదీపం చూసి ఆగినవాళ్లందరికీ జరిమానాలు పడేసరికి జనం లబోదిబోమంటూ ఆఫీసు మీదికి వచ్చారు. డైరెక్టరు గారు ప్రజల బాధ చూడలేకపోయారు. ‘పౌరుల దృష్టిని ప్రలోభపరచుచున్న కారణముగా’ ఆ దీపాన్ని ఆర్పించేశారు. జనం చప్పట్లు కొట్టి ఇళ్లకి వెళ్లారు.

దీపం పోయాక స్పర్శలు రెట్టింపయ్యాయి. ఇక ఊరుకుంటే బాగుండదని నిపుణుల సంఘం ఒకటి ఆసుపత్రికి వచ్చింది. మంచం మంచం తిరిగి, మంగతాయారు చెప్పేది వినకుండా, ఎక్స్‌రేలు వెలుతురుకి పెట్టి చూసింది. చూసి తేల్చినదేమిటంటే, లోపం రోడ్లలో లేదు, కార్లలో లేదు, ఉత్తర్వులో అసలే లేదు. పక్కటెముకల్లో ఉంది. సింగవరం వాసుల పక్కటెముకల్లో ఆశించినంత దృఢత్వం లేదు.

దీనికి రెండు విరుగుళ్లు సూచించారు. ఒకటి, లైసెన్సున్న ప్రతివాడూ రోజుకో రాగిలడ్డు తినడం. రెండోది బాలీసు. పెళ్లిళ్లలో వియ్యంకులు ఆనుకు కూర్చునే గుండ్రటి దిండు లేదూ, అదే. కారులో కూర్చున్న ప్రతి మనిషికీ తలుపుకీ మధ్య ఒక బాలీసు నిలబెట్టాలి. అది అద్దం పైదాకా వస్తుంది కాబట్టి పక్కచూపుకీ అవకాశం ఉండదు. ఒకే దెబ్బకి రెండు పిట్టలని డైరెక్టరు గారు మురిసిపోయారు. ఊళ్లో పరుపులు కుట్టే సాయిబులకి ఆ ఏడు చేతినిండా పని దొరికింది. పాపం ఎవరికో ఒకరికి మేలు జరిగిందని సంతోషించాలి.

ఇంత జరిగినా మంగతాయారు మాత్రం సెంటరు రాగానే కారు ఆపి, బాలీసుని చేత్తో కిందికి నొక్కి, కుడికీ ఎడమకీ శుభ్రంగా చూసి మరీ దాటేది. కెమెరా రోజూ చిటుక్కుమనేది. జరిమానాలు రోజూ వచ్చేవి.

“నాకు నా ఎముకలు కావాలండీ. రేపు నేనే ఆ మంచం మీద పడుకుంటే, నాకు బెడ్‌పాన్ ఎవరు పెడతారు? మీరా?” అనేది.

డైరెక్టరు గారు వరహాలరావుని పిలిపించారు. బల్ల మీద మంగతాయారు ఫొటోలు పరిచి ఉన్నాయి. అన్నిట్లోనూ ఆవిడ పక్కకే చూస్తోంది. ఒకదాంట్లో అయితే నేరుగా కెమెరాకేసి చూసి ఏదో అంటోంది కూడాను.

“నినాదకర్త గృహమునందే నినాదము ఓడిపోవుచున్నది,” అన్నారాయన బాధగా. “ఎల్లుండి టౌన్‌హాలులో పార్శ్వరహిత వారోత్సవములకు ప్రారంభము. తమకును, తమ ధర్మపత్నికిని ఆదర్శ దంపతులుగా సత్కారము. ఆవిడ కారు నడుపుకొనుచు రావలెను. మెడ తిరుగరాదు. తిరిగినచో…” ఆయన ఆగి, మామూలు తెలుగులోకి దిగారు. అది చాలా ప్రమాదకరమైన సూచన. “నీ ఉద్యోగం ఊడుతుందయ్యా.”

ఆ పూట వరహాలరావు ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడాడు. తనకి యాభై దాటాయన్నాడు. ప్రాసలు కట్టడం తప్ప ఇంకో విద్య రాదన్నాడు. ఈ ఒక్కసారికీ మెడ తిప్పొద్దని భార్య చేతులు పట్టుకున్నాడు. అంటుంటేనే అతనికి సిగ్గేసింది. అయినా అన్నాడు.

మంగతాయారు చేతులు విడిపించుకుని, మడతపెట్టిన శాలువా తీసి దులిపింది.

“సరే. మీకోసం. ఆ ఒక్కరోజే,” అంది చివరికి.

ఎల్లుండి వచ్చింది. ఆవిడ పట్టుచీర కట్టుకుని స్టీరింగు ముందు కూర్చుంది. వరహాలరావు శాలువా కప్పుకుని ఆవిడకి ఎడంపక్క కూర్చున్నాడు. ఇద్దరికీ అటొకటీ ఇటొకటీ బాలీసులు. దారిలో ఎవరో చూసి పెళ్లికేమో అనుకున్నారు.

నాలుగు లాంతర్ల సెంటరు దగ్గరకొచ్చింది. మంగతాయారు అలవాటు కొద్దీ బ్రేకు మీద కాలు పెట్టబోయి, తీసేసింది. మెడ నిటారుగా పెట్టింది. ఆ మెడ మీద ఓ నరం పైకి తేలి కొట్టుకుంటోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ భయపడగా వరహాలరావు చూడటం అదే మొదలు. నా ఉద్యోగం తగలెయ్య, అనుకున్నాడు. రెండు చేతులతో బాలీసుని కిందికి నొక్కి ఎడమకి చూశాడు.

తెల్లకారొకటి దూసుకొస్తోంది. దాని డ్రైవరు చూపు సూటిగా, ఆదర్శంగా, ముందుకే ఉంది.

“తాయారూ, బ్రేకు!”

ఆవిడ తొక్కేసింది. తలుపు మధ్యలో తగలాల్సింది ముందు చక్రం దగ్గర తగిలింది. అయినా తలుపు మడతపడి లోపలికొచ్చింది. బాలీసు పిగిలి కారంతా దూది ఎగిరింది. ఆ దూదిలో వరహాలరావుకి తన పక్కటెముకలు పుల్లల్లా విరగడం వినిపించింది. తర్వాత మంగతాయారు గొంతు వినిపించింది. “కదలకండి, కదలకండి, నేనున్నాను,” అంటోంది. ఆవిడకి దెబ్బ తగల్లేదని అర్థమయ్యాక అతను హాయిగా మూర్ఛపోయాడు.

తెల్లకారులోంచి ముందు నూకరాజు దిగాడు. “ఆయ్, నేను ముందుకే చూశానండి బాబూ! ఒట్టు! కావాలంటే కెమెరాలో చూసుకోండి!” అన్నాడు. వెనకసీట్లోంచి, రెండు బాలీసుల మధ్య నుంచి, చెక్కు చెదరకుండా డైరెక్టరు కోదండపాణి గారు దిగారు.

వరహాలరావుకి మూడు పక్కటెముకలు, ఒక మెడకింద ఎముక. మెడ నరం కూడా పట్టేసిందని డాక్టరు గడ్డం కిందినుంచి భుజాల దాకా గట్టి పట్టీ ఒకటి బిగించాడు. ఇక అతను అటూ ఇటూ చూడలేడు, కిందకీ చూడలేడు. మంచం పక్కన కూర్చున్న భార్య చెయ్యి తన చేతిలో ఉందని తెలుస్తోంది గానీ ఆవిడ మొహం కనపడటం లేదు.

మూడోరోజు డైరెక్టరు గారు బత్తాయిలు పట్టుకుని వచ్చారు. మొహం నల్లబడి ఉంది. ఆయనకొచ్చిన చిక్కు సామాన్యమైనది కాదు. ఆయన నిర్వచనం ప్రకారం పక్కనుంచి తగిలించుకున్నవాడిది స్పర్శ. కానీ ముందుకెళ్లి కొట్టినవాడిది అచ్చమైన ప్రమాదం. కొట్టింది ఆయన కారు.

“నూకరాజు నియమమును అతిక్రమించలేదు,” అన్నారాయన స్టూలు లాక్కుని. “మీ కారు మాత్రము నడిరోడ్డున అకస్మాత్తుగా ఆగినది. ఎందులకు ఆగినది? స్త్రీసహజమైన బెదురుచే మీ ఆవిడ బ్రేకు వేసినది. ఈ ఒక్క ముక్క మీ నోటివెంట వచ్చిన చాలును. ఆవిడ లైసెన్సు రద్దగును, అంతే కదా, బస్సులున్నవి. తమకు వైద్య ఖర్చులు, పదోన్నతి, ‘ఆదర్శ క్షతగాత్ర’ బిరుదు.”

వరహాలరావు చేతిలో ఉన్న చెయ్యి మెల్లిగా వెనక్కి జరగబోయింది. అతను దాన్ని వదల్లేదు.

“ఆవిడ మెడ తిప్పలేదండి. నేను తిప్పాను,” అన్నాడు.

“మీరు?”

“బాలీసు నొక్కి పక్కకి చూశాను. మీ కారు వస్తోంది. బ్రేకు అని అరిచాను. చూడబట్టే బతికామండి. చూడకపోతే మీ కారు నా ఒళ్లోకి వచ్చేసి, నన్ను దాటుకుని ఆవిడ ఒళ్లోకి వెళ్లేది.”

డైరెక్టరు గారు గాఢంగా ఆలోచించారు. మెల్లిగా మొహం వికసించింది.

“అనగా మీరు పక్కకు చూచితిరి. చూచితిరి కనుక అరచితిరి. అరచితిరి కనుక బ్రేకు పడినది. బ్రేకు పడినది కనుక మీ కారు మా దారిలో ఆగినది. ఆగినది కనుక తగిలినది.” ఆయన తొడ చరిచారు. “పక్కచూపే ప్రమాదహేతువని ఇంతకన్న ఏమి ఋజువు కావలెను! వరహాలరావ్, మీరు సస్పెండైతిరి. అయినను, విధానమునకు మీరు చేసిన సేవ మరువలేనిది.”

“ఏవండోయ్ డైరెక్టరు గారూ,” అంది మంగతాయారు లేచి నిలబడి. “ఇది ఎముకల వార్డు. మీ బత్తాయిలు తీసుకుని బయల్దేరండి. లేకపోతే ఇక్కడ స్పర్శ జరుగుతుంది.”

ఆయన గుమ్మం దాకా వెళ్లి ఆగారు. వెనక్కి తిరిగి వరహాలరావు మెడకేసి తదేకంగా చూశారు. మళ్లీ మంచం దగ్గరికి వచ్చి పట్టీని వేలితో తట్టారు.

“అటు తిరుగుడు.”

“తిరగదండి.”

“ఇటు?”

“ఇటూ తిరగదండి.”

“భేషు,” అన్నారు డైరెక్టరు గారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఇన్నినాళ్లుగా నేను వెదకుచున్నది ఇదియే కదా!”

వరహాలరావుని ఇంటికి పంపేనాటికి ఊళ్లో డ్రైవర్లందరికీ మెడపట్టీలు పంచడం మొదలైంది. ఆసుపత్రి గేటు దాకా క్యూ ఉంది. కారుకి మెకానిక్ వేరే కారు తలుపు తెచ్చి బిగించాడు. కారు తెలుపు, తలుపు ఎరుపు. లోపల బాలీసులు లేవు. ఉన్న ఒక్కదాన్నీ మంగతాయారు వార్డులో ఓ ముసలాయన కాలి కింద పెట్టి వచ్చింది.

నాలుగు లాంతర్ల సెంటరు వచ్చింది. ఆవిడ కారు ఆపింది. ఇవాళ ఎవరికోసమూ మెడ నిటారుగా పెట్టే పనిలేదు. కుడికి తిరిగి చూసుకుంది. ఎడంపక్కకి చూడబోతే భర్త మెడపట్టీ, చుట్టుకున్న శాలువా అడ్డమొచ్చాయి.

“ఏవండీ, ఎడంపక్క ఏమన్నా వస్తోందా?”

వరహాలరావుకి మెడ తిరగదు. అందుకని సీటు పట్టుకుని, పళ్లు బిగబట్టి, నడుము దగ్గర్నుంచి మనిషంతా ఎడమకి తిరిగాడు. మూడు పక్కటెముకలూ ఒక్కసారి కలుక్కుమన్నాయి. కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ నీళ్లలోంచే రోడ్డు చివరిదాకా, తీరిగ్గా, తనివితీరా చూశాడు.

“ఖాళీ. పోనీ తాయారూ,” అన్నాడు.

పైన కెమెరా చిటుక్కుమంది. వరహాలరావు తల వంచుకోలేదు. మెడకి పట్టీ ఉంది కదా, వంచుకుందామన్నా కుదరదు.